సెల్ఫ్ తిరుగుతోంది... బండి స్టార్టవడం లేదు!

ఆ రోజు గురువారం. తెల్లవారి అయిదున్నర అయింది. మా అత్తయ్యకి గుంటూరులో డయాలిసిస్. వారానికి రెండుసార్లు ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. ఆ మిషన్ కోసం మన వెనక మరొకరు కాచుకుని కూర్చుంటారు. మనం ఆలస్యంగా వెళితే మనకి రావలసిన నాలుగు గంటల్లోనే కోత పడుతుంది. మేముండేది తెనాలి. మావారి ఉద్యోగం చెన్నైలో. అందుకే ముప్ఫై అయిదేళ్లు దాటాక పంతం పట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను.

అత్తయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టి, నడుముకి దిండు ఆసరా పెట్టి, తాళం తిప్పాను. 'కుయ్ కుయ్ కుయ్'మంటూ ఇంజన్ తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే పాట. పదిసార్లో పదిహేనుసార్లో... లెక్క పెట్టుకోలేదు. చెమటలు పట్టాయి.

ఎదురింటి బాబాయిగారు లుంగీతోనే పరుగెత్తుకొచ్చారు. పాలబ్బాయి ఆగాడు, పేపరు కుర్రాడు ఆగాడు. "సెకండ్ గేర్లో పెట్టండి మేడం, తోస్తాం" అన్నారు. పాపం, వీధి చివరిదాకా తోశారు. బండి రెండుసార్లు కుదుపు ఇచ్చి ఆగిపోయింది. "ఆడవాళ్ల చేతిలో బళ్లు ఇంతేనండీ" అని ఎవరో నవ్వారు కూడా. నేను మళ్లీ తాళం తిప్పాను. ఈసారి 'కుయ్' కూడా లేదు. 'టిక్'మని ఊరుకుంది.

ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి గంటపైన ఆలస్యం. ఆ రోజు అత్తయ్యకి మూడు గంటలు కూడా దక్కలేదు. తర్వాత రెండు రోజులూ ఆవిడ పాదాలు పొంగి ఉన్నాయి. రాత్రిళ్లు పడుకుంటే ఆయాసం. ఒక్క మాట అనలేదు ఆవిడ. కానీ ఆ పాదాలు చూసినప్పుడల్లా నాకు ఆ తాళం గుర్తొచ్చేది.

ఇంతకీ బండికి వచ్చిన రోగం ఏమిటో తెలుసా? మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి, స్టీరింగ్ కింద మూత తీసి, చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. ఫ్యూజు! ఎలుక వైరు కొరికింది. వైరు ఇనుముకి తగిలి పెట్రోలు పంపు ఫ్యూజు మాడిపోయింది. వైరుకి టేపు చుట్టాడు, కొత్త ఫ్యూజు పెట్టాడు. "ఫ్యూజు పది రూపాయలేనమ్మా. కానీ మీరు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దింపేశారు. అసలే పాతది, ఇక లేవదు" అన్నాడు. కొత్త బ్యాటరీకి నాలుగున్నర వేలు. పది రూపాయల రోగం, నాలుగున్నర వేల వైద్యం!

పొయ్యి వెలగకపోతే ఏం చేస్తాం?

ఆ రాత్రి అత్తయ్య పడుకునే ముందు అడిగింది: "అమ్మాయ్, స్టవ్ వెలగలేదనుకో. లైటర్ ఒక్కటే టకటకా కొడుతూ కూర్చుంటామా? రెగ్యులేటర్ తిప్పామో లేదో చూస్తాం. సిలిండర్ ఊపి చూస్తాం. లైటర్లో రవ్వ వస్తోందో లేదో చూస్తాం. పొద్దున నువ్వు లైటరే కొట్టావు కదే!"

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన ఆవిడ, డిగ్రీ చదివిన నాకు చెప్పిన పాఠం ఇది. కారు ఇంజన్ కూడా ఒక పొయ్యే. దానికి కావలసినవి మూడే: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఈ మూడూ సరైన క్షణంలో కలవాలి. తిరగమోతలో ఏది ఎప్పుడు వెయ్యాలో అప్పుడే వెయ్యాలన్నట్టు! 'సెల్ఫ్' అని మనం పిలిచే మోటారు పని ఇంజన్ని తిప్పడం వరకే. ఈ మూడింట్లో ఏది రాకపోయినా అది ఎంతసేపు తిప్పినా ఇంజన్ అంటుకోదు.

ఇది తెలిశాక ఆ ఉదయం తోపుడు సంబరం తలుచుకుంటే నవ్వొచ్చింది. బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగనప్పుడు కొన్ని బళ్లని తోసి స్టార్ట్ చేస్తారు. నిజమే. కానీ మా బండి సెల్ఫ్ చక్కగా తిరిగింది. ఆ నలుగురూ తోసి చేసింది సెల్ఫ్ అప్పటికే చేస్తున్న పనే. పెట్రోలు రాని ఇంజన్ని తెనాలి నుంచి గుంటూరుదాకా తోసినా లాభం లేదు!

మర్నాడు ఆ మెకానిక్కునే బతిమాలి గంటసేపు నేర్చుకున్నాను. బండి కొన్ననాటి నుంచి కవరు కూడా విప్పని మాన్యువల్ పుస్తకం విప్పి చదివాను. అందులో మన చేతనయ్యేవి, మనకి పనికొచ్చేవి ఇక్కడ చెబుతున్నాను.

ముందు చెవులకి పని చెప్పండి

బండి ఎక్కడున్నా ముందు సురక్షితమైన చోట ఆపి, హజార్డ్ లైట్లు వెయ్యండి. తర్వాత ఒక్కసారి తాళం తిప్పి వినండి.

అసలు శబ్దమే లేదు, లేదా 'టిక్' మంటోంది: ఇది బ్యాటరీ గొడవో, దాని మీది బిగింపులు వదులైన గొడవో, సెల్ఫ్ మోటారు గొడవో. ఈ వ్యాసం దాని గురించి కాదు.

'కు...య్, కు...య్' అని నీరసంగా తిరుగుతోంది: బ్యాటరీ బలం చాలడం లేదు. ఇంజన్ తిరిగినట్టే ఉంటుంది గానీ అంటుకునేంత వేగం రాదు.

ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతోంది, అందుకోవడం లేదు: బ్యాటరీ, సెల్ఫ్ దాదాపుగా బాగున్నట్టే. ఇక మన మూడు సరుకుల్లో ఏది రాలేదో వెతకాలి.

ఎప్పుడూ లేనంత తేలిగ్గా, వేగంగా 'జర్ర్'మని తిరిగిపోతోంది: లోపల టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. ఇక తాళం ముట్టుకోవద్దు. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగాక తిప్పితే లోపలి వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని వంగిపోతాయి. మెకానిక్కుని పిలవాల్సిందే.

ఒక నియమం మాత్రం మరిచిపోకండి. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకి మించి కొట్టకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. మూడు నాలుగు సార్లకి అందుకోకపోతే ఆపేసి ఆలోచించాలి. నేను చేసినట్టు చేస్తే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, కాలని పెట్రోలు పొగగొట్టం వైపు పోయి అక్కడి ఖరీదైన కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

తాళం చెవి గుర్తుపట్టిందా?

ఇప్పటి బళ్ల తాళం చెవిలో చిన్న చిప్పు ఉంటుంది. బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజన్‌కి అనుమతి. దొంగల భయానికి పెట్టిన ఏర్పాటు ఇది. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మో, తాళం వేసిన కారు బొమ్మో ఎర్రగా మిణుకుమిణుకుమంటూ ఉంటే బండి మనని గుర్తుపట్టలేదన్నమాట. ఇలాంటప్పుడు కొన్ని బళ్లు అసలు తిరగవు, కొన్ని తిరిగినా స్టార్టవవు, కొన్ని స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతాయి. తాళం తీసి, మళ్లీ పెట్టి చూడండి. రెండో తాళం ఉంటే దాంతో ప్రయత్నించండి. బటన్ నొక్కే బండి అయితే రిమోట్‌లోని చిన్న బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. చాలా బళ్లలో ఆ రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే పని చేస్తుంది. మీ బండికి ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో ఉంటుంది.

రెండో తాళం ఎక్కడుందో మీకు తెలుసా? మా ఇంట్లో అది మావారి పెట్టెలో చెన్నైలో ఉండేది!

పెట్రోలు వస్తోందా?

నవ్వకండి, మొదట ముల్లు చూడండి. బండి ఎత్తుపల్లాల్లో నిలబెట్టినప్పుడు ముల్లు చెప్పేదాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. రిజర్వులో ఉందంటే అనుమానించాల్సిందే.

తర్వాత, తాళాన్ని స్టార్ట్ దాకా తిప్పకుండా 'ఆన్' దగ్గర ఆపండి. ఏసీ, పాటలు కట్టేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. చాలా పెట్రోలు బళ్లలో రెండు సెకన్లపాటు 'జుయ్'మని సన్నటి శబ్దం వినిపిస్తుంది. ట్యాంకులోని పంపు పెట్రోలుని ముందుకి తోసే శబ్దం అది. బండి బాగున్న రోజునే ఒకసారి విని గుర్తుపెట్టుకోండి. బాగున్నప్పటి శబ్దం తెలిస్తేనే కదా, లేనిది తెలిసేది!

ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, వైరు, పంపు... ఈ నాలుగింట్లో ఒకటి. మనం చూడగలిగింది ఫ్యూజు. తాళం తీసేసి ఫ్యూజుల పెట్టె మూత తెరిస్తే ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. పెట్రోలు పంపుది తీసి వెలుతురులో చూడండి. మధ్యలో సన్నటి తీగ తెగి ఉంటే అది మాడినట్టే. దానిమీద 10, 15, 20 అని అంకె ఉంటుంది. మామూలుగా 10 ఎర్రది, 15 నీలం, 20 పసుపుపచ్చ. అదే అంకె ఉన్న కొత్తది పెట్టాలి. ఎక్కువ అంకెది పెట్టినా, సిగరెట్ కాగితమో రాగి తీగో చుట్టినా వైర్లు అంటుకుని బండికే మంటలు రావచ్చు. కొత్తది కూడా వెంటనే మాడితే ఎక్కడో వైరు తగులుతోందని అర్థం. ఇక ఆపేసి మెకానిక్కుకి చెప్పండి.

ఇంకో సంగతి. ట్యాంకులో పెట్రోలే పంపుని చల్లగా ఉంచుతుంది. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. వంద రూపాయలకి పోయించుకుని నెట్టుకొచ్చే అలవాటు పొదుపు కాదన్నమాట.

నిప్పు, గాలి సంగతి

'ఆన్' దగ్గర ఆపినప్పుడు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలగాలి. అది సహజం. అసలు వెలగకపోతే ఇంజన్ని నడిపే కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదేమో. మళ్లీ ఫ్యూజులే చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజన్ వేగం చూపే ముల్లు చాలా బళ్లలో కొంచెమైనా కదులుతుంది. బొత్తిగా కదలకపోతే ఇంజన్ తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కి కబురు చెప్పే సెన్సార్ పాడై ఉండొచ్చు. బాగా వేడెక్కినప్పుడు ఆగిపోయి, చల్లారాక మామూలుగా స్టార్టయ్యే బళ్లలో ఈ సెన్సార్‌ని అనుమానించాలని మా మెకానిక్కు చెప్పాడు.

ప్లగ్గులు, కాయిళ్ల జోలికి మనం వెళ్లొద్దు. అక్కడ పుట్టేది వేల వోల్టుల కరెంటు. 'వైరు పీకి పట్టుకోండి, రవ్వ వస్తోందో చూద్దాం' అని ఎవరన్నా సలహా ఇస్తే దణ్ణం పెట్టి దూరంగా నిలబడండి.

గాలి వచ్చే దారి మూసుకుపోవడం అరుదు. కానీ నెలల తరబడి కదలని బళ్లలో ఎలుకలు ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో పీచు, గుడ్డపీలికలు పోగేసి కాపురం పెడతాయి. పిల్లలు అమెరికాలో, కారు షెడ్డులో ఉండే ఇళ్లలో ఇది మామూలే. పదిహేను రోజులకి ఒకసారైనా బానెట్ ఎత్తి చూడండి.

డీజిలు బండికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు. దాని డాష్‌బోర్డు మీద స్ప్రింగులాంటి బొమ్మ వెలిగితే, అది ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. ట్యాంకు పూర్తిగా ఎండిపోయి ఆగితే గొట్టాల్లో గాలి చేరుతుంది. డీజిలు పోసినంత మాత్రాన వెంటనే అందుకోకపోవచ్చు.

పెట్రోలు వాసన కొడుతోందా?

చలి పొద్దున బండి స్టార్ట్ చేసి, రెండడుగులు జరిపి, వెంటనే ఆపేస్తే కొన్నిసార్లు ఈ తంటా వస్తుంది. చల్లటి ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువగా వెళుతుంది. అది కాలేలోపే మనం ఆపేశాం. ప్లగ్గులు తడిసిపోయాయి. పొగగొట్టం దగ్గర వాసన తెలుస్తుంది. అప్పుడు అయిదు పది నిమిషాలు ఆగండి. తర్వాత యాక్సిలరేటర్‌ని అడుగుదాకా తొక్కి, అలాగే పట్టుకుని, పది సెకన్ల లోపు సెల్ఫ్ కొట్టండి. కంప్యూటర్ ఉన్న చాలా బళ్లలో ఇలా తొక్కితే పెట్రోలు ఆగి, గాలి మాత్రమే లోపలికి వెళ్లి ప్లగ్గుల్ని ఆరబెడుతుంది. అందుకున్న వెంటనే కాలు తీసేయండి. కార్బ్యురేటర్ ఉన్న పాత బండి అయితే చోక్ లోపలికి నెట్టేసి ఇలాగే చెయ్యాలి.

కానీ బండి కింద పెట్రోలు చుక్కలు కనిపించినా, బానెట్ లోంచి ఘాటుగా వాసన వచ్చినా సెల్ఫ్ కొట్టకూడదు. అందరూ దిగి దూరంగా నిలబడాలి.

ఇవి మాత్రం వద్దు!

నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు మునిగిన రోజులు మనకి గుర్తే. నీళ్లు తీశాక 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనుకోవడం సహజం. కానీ గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. ఇంజన్‌లో నీళ్లుండగా తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఆ నష్టానికి మామూలు ఇన్సూరెన్సు వాళ్లు డబ్బివ్వకపోవచ్చు కూడా. బ్యాటరీ తీయించి, బండిని లాగించి షెడ్డుకి పంపాలి.

బంకులో డీజిలు బండికి పెట్రోలు, పెట్రోలు బండికి డీజిలు పోసేశారని తెలిస్తే, తాళం 'ఆన్' దాకా కూడా తిప్పొద్దు. అక్కడే ట్యాంకు ఖాళీ చేయించాలి.

ఇదంతా చేసింది ఒక ఇల్లాలే!

'బానెట్ ఎత్తడం ఆడవాళ్ల పనా?' అనేవాళ్లకి ఒక కథ చెప్పాలి. కథ కాదు, చరిత్రే. పెట్రోలు కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని ఆయన తయారుచేసిన కారులో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. కారులో అంత దూరం అంతకుముందు ఎవరూ వెళ్లలేదు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోయింది. టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే వైరు ఒరుసుకుపోయింది. మేజోడుకి కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. ఇంధనం అయిపోతే ఒక మందుల షాపులో కొని పోయించింది. చూశారా, ఇంధనం, నిప్పు... ఆవిడ చూసుకున్నవీ ఇవే. మెకానిక్కే లేని లోకంలో ఆవిడ చేతిలో ఉన్నది ఒక పిన్ను!

మెకానిక్కుతో ఎలా చెప్పాలి?

'బండి స్టార్టవడం లేదండీ' అని ఊరుకోకండి. డాక్టరుకి చెప్పినట్టు చెప్పండి. 'సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, వెనక పంపు శబ్దం రావడం లేదు, తాళం బొమ్మ వెలగడం లేదు, నిన్న సాయంత్రం దాకా బాగుంది' అంటే అవతలివాడికి పని తగ్గుతుంది. మనకి ఏమీ తెలియదనుకుని లేనిపోని సామాన్లు మార్చే అవకాశమూ తగ్గుతుంది. 'పంపు మార్చాలి, ఇంత అవుతుంది' అంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: 'పంపుదాకా కరెంటు వస్తోందో లేదో చూశారా?' కరెంటే రాకపోతే తప్పు పంపుది కాకపోవచ్చు. సెన్సార్ అంటే 'స్కానర్ పెట్టి చూశారా? ఏం కోడ్ వచ్చింది?' అని అడగండి. ఏది మార్చినా పాతది చూపించమనండి. అడగడం అవమానించడం కాదు. కూరగాయలు ఏరుకుని తీసుకుంటే కొట్టువాడు ఏమన్నా అనుకుంటాడా?

ఇక ఇప్పుడు నా బండి డాష్‌బోర్డు అరలో నాలుగు ఫ్యూజులు, ఒక టార్చి, మాన్యువల్ ఉంటాయి. రెండో తాళం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. తెలిసిన ఆటో అబ్బాయి నంబరు ఫోన్‌లో ఉంటుంది. ఎందుకంటే పది నిమిషాల్లో బండి లేవకపోతే అత్తయ్య టైము ముఖ్యం, నా పంతం కాదు. మొదటిసారి నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే. బండిని గెలవాలని చూశాను.

మొన్న డిసెంబర్లో మళ్లీ పరీక్ష వచ్చింది. గుంటూరులో డయాలిసిస్ అయిపోవచ్చిన వేళ. అంబులెన్సుకి అడ్డంగా ఉందని వాచ్‌మన్ చెబితే, బండి స్టార్ట్ చేసి రెండు గజాలు వెనక్కి జరిపి ఆపేశాను. పావుగంట తర్వాత అత్తయ్యని వీల్‌చెయిర్లో తీసుకొచ్చి, ఎక్కించి, తాళం తిప్పితే 'కుయ్ కుయ్ కుయ్'. అందుకోలేదు.

గుండె ఒక్కసారి జల్లుమంది, నిజం చెప్పొద్దూ! డయాలిసిస్ అయ్యాక ఆవిడకి కూర్చునే ఓపిక కూడా ఉండదు. అప్పుడే ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. "తోద్దామా మేడం?" అన్నారు. "వద్దండీ, ఒక్క నిమిషం" అన్నాను.

హుషారుగానే తిరుగుతోంది. ముల్లు సగంలో ఉంది. తాళం బొమ్మ లేదు. వెనక 'జుయ్'మని వినిపించింది. దిగి వెనక్కి వెళ్లి వాసన చూశాను. కింద చుక్కలేమీ లేవు గానీ, పొగగొట్టం దగ్గర పెట్రోలు వాసన. అద్దాలు దించి, ఫోన్‌లో అయిదు నిమిషాలు లెక్కపెట్టుకుని, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి తాళం తిప్పాను. ఏడో సెకనుకో ఎనిమిదో సెకనుకో ఇంజన్ ఒకసారి దగ్గింది, ఒకసారి తుమ్మింది, అందుకుంది.

వెనక సీట్లో కళ్లు మూసుకునే అడిగింది అత్తయ్య: "ఏమ్మాయ్, గ్యాసు ఎక్కువైందా?"

"అవునత్తయ్యా" అన్నాను, గేరు వేస్తూ.